ప్రైవేట్ భాగంలో హాని లేని బొడిపెలు: తీయించుకోవాలనుకుంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

స్నానం చేస్తుండగానో, బట్టలు మార్చుకుంటుండగానో ఒకరోజు కంటపడతాయి. పురుషాంగం తల అంచు చుట్టూ ముత్యాలు గుచ్చినట్టు చిన్న బొడిపెల వరస. లేదా అంగం మీద, వృషణాల సంచి మీద ఆవగింజంత పసుపు తెలుపు చుక్కలు. ఆడవాళ్లయితే యోని ద్వారం దగ్గర, లోపలి పెదవుల మీద మెత్తని గులాబీ రంగు మొలకలు. నొప్పి ఉండదు, దురద ఉండదు. కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టదు.

నాకు అది 23 ఏళ్లప్పుడు జరిగింది. అమీర్‌పేటలో రూములో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. ఎవరినీ అడగలేక మెడికల్ షాపుకి వెళ్లి "అక్కడ పొక్కులు" అని గొణిగాను. ఒక ట్యూబ్ చేతిలో పెట్టారు. మూడు వారాలు రాశాను. బొడిపెలు అలాగే ఉన్నాయి, చుట్టూ ఉన్న చర్మం పల్చబడి మండడం మొదలైంది. చివరికి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన నిమిషంలో తేల్చేశారు: అది జబ్బే కాదు. ఆ మూడు వారాల బాధ మీరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి పని: అది ఏమిటో తెలుసుకోండి

తీయించుకోవడం గురించి ఆలోచించే ముందు దానికి సరైన పేరు పెట్టించాలి. పేరు తెలియకుండా మొదలుపెట్టిన వైద్యమే ఎక్కువ హాని చేస్తుంది.

పురుషాంగం తల అంచున ఒకటి రెండు వరసల్లో, ఒకే సైజులో, ఒకదాని పక్కన ఒకటి ఉండేవాటిని పెర్లీ పెనైల్ పాప్యూల్స్ అంటారు. ఒక్కోటి 1 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. వేర్వేరు పరిశీలనల్లో వందకు 14 నుంచి 48 మంది మగవాళ్లలో కనిపించాయి. అంటే మీతో బస్సులో కూర్చున్న ఏడుగురు మగవాళ్లలో ఒకరికైనా ఉండొచ్చు. ఇవి చర్మంలోని నార, సన్నని రక్తనాళాలు కలిసి ఏర్పడే చిన్న మొలకలు. అంటవు, క్యాన్సర్‌గా మారవు. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేవీ కావు, హస్తప్రయోగం వల్ల వచ్చేవీ కావు. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో వాటంతట అవే చిన్నవవుతాయి.

పసుపు తెలుపు చుక్కలు ఫోర్డైస్ స్పాట్స్. నూనె గ్రంథులు మామూలుగా వెంట్రుక కుదురుకు అంటుకుని ఉంటాయి. వెంట్రుక లేని చోట అవి నేరుగా చర్మం కింద కనిపిస్తే ఇలా ఉంటాయి. పెదవుల మీద, బుగ్గల లోపల కూడా చాలామందికి ఉంటాయి, అద్దంలో చూసుకోండి. 1896లో వీటిని వర్ణించిన అమెరికన్ చర్మవైద్యుడు జాన్ అడిసన్ ఫోర్డైస్ పేరు మీద ఆ పేరు వచ్చింది. చర్మాన్ని సాగదీస్తే ఎక్కువగా, వదిలేస్తే తక్కువగా కనిపిస్తాయి.

ఆడవాళ్లలో లోపలి పెదవుల మీద రెండు వైపులా ఒకేలా ఉండే మెత్తని మొలకలను వెస్టిబ్యులర్ పాపిల్లోమటోసిస్ అంటారు. ప్రతి మొలకకూ దాని మొదలు దానికే విడిగా ఉంటుంది. పులిపిర్లయితే నాలుగైదు కలిసి ఒకే మొదలు నుంచి కాలీఫ్లవర్‌లా లేస్తాయి. ఈ తేడా తెలియక పులిపిర్ల మందు రాయించుకుని పుండ్లు పడ్డవాళ్లు ఉన్నారు.

వృషణాల సంచి మీద ఎర్రగా, ఊదాగా ఉండే చిన్న చుక్కలు ఇంకో రకం. వాటిని యాంజియోకెరటోమా అంటారు. గీరితే రక్తం కారుతుంది, అదే భయపెడుతుంది. ఎక్కువగా హాని లేనివే. అయితే చిన్న వయసు నుంచే నడుము, తొడల మీద కూడా బాగా ఎక్కువగా ఉండి, చేతులు కాళ్లు మంటలు పుడుతుంటే మాత్రం డాక్టర్‌కి ఆ సంగతి తప్పక చెప్పండి. అరుదైన వంశపారంపర్య జబ్బు ఒకటి అలా బయటపడుతుంది.

ఇక కంగారు పడాల్సినవి, అంటే త్వరగా చూపించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. కొన్ని వారాల్లోనే సంఖ్య పెరుగుతున్న గరుకు బొడిపెలు పులిపిర్లు కావచ్చు. ఇవి హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయి. మధ్యలో గుంట ఉన్న మెరిసే గింజలైతే మొలస్కమ్ అనే అంటుకునే వైరస్ జబ్బు. గుంపుగా వచ్చే నీటి పొక్కులు పగిలి నొప్పి పుడితే హెర్పిస్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. నొప్పి లేని గట్టి పుండు ఒక్కటే ఉంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి పరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేదు కదా అని దాన్ని వదిలేయడం చాలా పెద్ద పొరపాటు. రాత్రిళ్లు విపరీతంగా దురద పెడుతూ ఇంట్లో మిగతావాళ్లూ గోక్కుంటుంటే అది గజ్జి.

ఇదంతా చదివి మీకు మీరే ఖాయం చేసుకోవద్దు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు: ఎప్పటి నుంచో ఉన్న ముత్యాల వరస, దాని పక్కనే కొత్తగా వచ్చిన పులిపిరి. అందుకే చూసే కన్ను అలవాటైనది కావాలి.

ఎవరికి చూపించాలి

మన దేశంలో చర్మవైద్యం చదివినవాళ్లే సుఖవ్యాధుల వైద్యమూ చదువుతారు. ఎండీ డీవీఎల్ అన్న డిగ్రీలో డీ చర్మానికి, వీ సుఖవ్యాధులకు, ఎల్ కుష్ఠుకు. కాబట్టి వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే. హైదరాబాద్ గాంధీ, ఉస్మానియాల్లో, విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో, ఇలా పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ ఓపీ ఉంటుంది. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అన్న బోర్డు కోసం చూడండి. సుఖవ్యాధుల పరీక్ష, సలహా అక్కడ ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ముందు ఫోన్‌లో అడగాలనుకుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి టోల్‌ఫ్రీగా చేయొచ్చు. ఆడవాళ్లు గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లినా సరిపోతుంది. లేడీ డాక్టరే కావాలని అడగడానికి మొహమాటపడకండి.

బస్టాండ్ గోడల మీద, రైల్వే ట్రాక్ పక్కన "గుప్తరోగాలు గ్యారంటీగా నయం" అని రాసి ఉండేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. లైంగిక వ్యాధులు నయం చేస్తామని ప్రకటనలు వేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అలాంటి చోట మీ భయాన్నే అమ్ముకుంటారు. లేని జబ్బుకి నెలల తరబడి కోర్సులు ఇస్తారు.

ఓపీలో ఏం చెప్పాలో తెలియక చాలామంది వెనక్కి వచ్చేస్తారు. ఇంత చెబితే చాలు: "సార్, ప్రైవేట్ పార్ట్ దగ్గర చిన్న బొడిపెలున్నాయి. ఇన్ని నెలలుగా ఉన్నాయి. పెరగలేదు, నొప్పి లేదు. ఒకసారి చూసి చెప్పండి." లైంగిక సంబంధాల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వాళ్లకి అది రోజూ వినే మాటే. డాక్టర్ డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపొచ్చు, రక్తపరీక్షలు రాయొచ్చు. వెళ్లే ముందు ఏ క్రీమూ రాయకండి, వెంట్రుకలు గీయకండి. గీసిన చోట వచ్చే ఎర్ర పొక్కులు అసలు విషయాన్ని కప్పేస్తాయి.

ఫొటో తీసి ఎవరికైనా పంపాలనిపిస్తే ఆగండి. రిజిస్టర్ అయిన డాక్టర్‌తో టెలీ కన్సల్టేషన్ అయితే సరే, అప్పుడు కూడా ముఖం, బ్యాక్‌గ్రౌండ్ పడకుండా చూసుకోండి.

రెండో పని: తీయించుకోవాలా వద్దా

హాని లేదని తేలిన తర్వాత వైద్యపరంగా చేయాల్సిందేమీ లేదు. ఈ ఒక్క వాక్యం డాక్టర్ నోట వినగానే చాలామందికి ఆ బెంగ తీరిపోతుంది. నాకూ అంతే. ఆయన "ఒక సంవత్సరం ఆగు, అప్పటికీ మనసులో ఉంటే చూద్దాం" అన్నారు. సంవత్సరం తర్వాత నాకు వాటి గుర్తే లేదు.

అయితే అందరికీ అలా ఉండదని నాకు తెలుసు. ఎంత చెప్పినా కొందరికి అవి కంటపడిన ప్రతిసారీ మనసు కుంచించుకుపోతుంది. పెళ్లి మాట ఎత్తితే భయం. అలాంటివాళ్లు తీయించుకోవడం తప్పు కాదు, సోకు అంతకన్నా కాదు. తీయించుకోమని ఇంకెవరో ఒత్తిడి చేస్తుంటే మాత్రం ఆగాలి. కాబోయే భాగస్వామి అనుమానపడితే ఇద్దరూ కలిసి ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "ఇవి పుట్టుమచ్చల్లాంటివే, ఎవరికీ అంటవు" అని డాక్టర్ చెప్పడం వేరు, మీరు చెప్పడం వేరు.

ఆడవాళ్ల విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను. లోపలి పెదవుల మీది మొలకలను అందం కోసం తీయించుకోకపోవడమే మంచిది. అక్కడ నరాల స్పర్శ ఎక్కువ, మచ్చ పడితే కలయికలో నొప్పి మిగులుతుంది. మంట, దురద ఉంటే దానికి కారణం ఫంగస్ లాంటిది ఇంకేదైనా ఉందేమో ముందు చూడాలి.

మూడో పని: పద్ధతులు తెలుసుకుని మాట్లాడండి

ముత్యాల వరసకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాని కాంతిని చర్మంలోని నీరు పీల్చుకుని ఆవిరవుతుంది, బొడిపె పొరలు పొరలుగా లేచిపోతుంది. చేయి తిరిగిన డాక్టర్ అయితే చుట్టూ ఉన్న చర్మానికి పెద్దగా దెబ్బ తగలదు, రక్తం కూడా దాదాపు రాదు. బాగా ఎక్కువగా ఉంటే రెండు మూడు సిట్టింగుల్లో చేస్తారు. సరిగా తీస్తే ఇవి మళ్లీ రావడం అరుదు.

రేడియో ఫ్రీక్వెన్సీ, ఎలక్ట్రోకాటరీ అనేవి సన్నని మొనతో వేడి పుట్టించి కాల్చే పద్ధతులు. మన ఊళ్లలో చర్మవైద్యుల క్లినిక్‌లలో ఇవే ఎక్కువగా దొరుకుతాయి, ఖర్చూ లేజర్ కన్నా తక్కువ. ఫలితం యంత్రం కన్నా చేతి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. లోతుగా కాలిస్తే గుంటలు, మచ్చలు పడతాయి.

క్రయో అంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. త్వరగా అయిపోతుంది కానీ పొక్కు లేస్తుంది. మన చామనఛాయ చర్మంలో ఆ చోట తెల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. అందుకే అందం కోసం అడిగేవాళ్లకి ఇది నేను చివరన ఆలోచించమంటాను. పల్స్‌డ్ డై లేజర్ రక్తనాళాలను మాత్రమే లక్ష్యం చేసుకుంటుంది, పుండు పెద్దగా పడదు. కొన్ని సిట్టింగులు పడతాయి, కొన్ని చోట్లే దొరుకుతుంది.

ఫోర్డైస్ స్పాట్స్‌కి కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో పాటు మైక్రో పంచ్ అనే పద్ధతి ఉంది. పెన్ను మొనలాంటి గుండ్రని బ్లేడుతో ఒక్కో గ్రంథినీ తీసేస్తారు. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలతో తగ్గుతాయి కానీ ఆపితే తిరిగి వస్తాయి. పైగా గర్భంలో బిడ్డకి తీవ్రమైన లోపాలు కలిగించే మందు అది. చుక్కల కోసం ఆ మాత్రలు మింగడం తూకం చూస్తే లాభం కాదు. యాంజియోకెరటోమా తరచూ రక్తం కారుతుంటే లేజర్‌తో గానీ కాటరీతో గానీ తీస్తారు.

ఏ పద్ధతి అయినా మిగల్చగల చిక్కులు ఇవి: రంగు మారడం, మచ్చ, ఇన్ఫెక్షన్, కొన్నాళ్లు స్పర్శలో తేడా. సంతకం పెట్టే కాగితంలో ఇవి ఉన్నాయా చూసుకోండి.

డాక్టర్‌ని అడగాల్సినవి కూడా చెబుతాను. ఇలాంటివి ఈ భాగంలో ఇదివరకు చేశారా? చేసేది మీరేనా, టెక్నీషియనా? ముందు నాలుగైదు బొడిపెల మీదే చేసి, మానాక మిగతావి చేయొచ్చా? చెప్పిన రేటు ఒక సిట్టింగుకా, మొత్తానికా? అందం కోసం చేసే వాటికి ఆరోగ్య బీమా మామూలుగా వర్తించదు, కాబట్టి డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. మూడో ప్రశ్నకు "అవసరం లేదు, అన్నీ ఒకేసారి చేసేద్దాం" అని తొందరపెడితే ఇంకో డాక్టర్ని కలవండి.

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి: షుగర్, రక్తం పల్చబడే మందులు, గాయం మానిన చోట చర్మం ఉబ్బే గుణం, పంటి డాక్టర్ దగ్గర మత్తు ఇంజెక్షన్ పడకపోయి ఉంటే ఆ సంగతి, ఎప్పుడైనా హెర్పిస్ వచ్చి ఉంటే అది. హెర్పిస్ ఉన్నవాళ్లకి లేజర్ తర్వాత అది మళ్లీ లేవొచ్చు, ముందే మాత్రలు ఇస్తారు.

నాలుగో పని: తేదీ పెట్టుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతుంది. నిశ్చితార్థం అయిపోతుంది, పెళ్లి పనులు మొదలవుతాయి, ముహూర్తానికి పదిహేను రోజులుందనగా గుర్తొచ్చి క్లినిక్‌కి పరిగెడతారు. పదిహేను రోజులకి పైచర్మం మూసుకుంటుంది తప్ప గట్టిపడదు. కలయికకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. రంగు సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు. రెండు సిట్టింగులైతే రెట్టింపు. కాబట్టి ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి కనీసం మూడు నెలల దూరం ఉంటేనే చేయించుకోండి. అంతకన్నా తక్కువ ఉంటే పెళ్లయ్యాక చూసుకోండి. పచ్చి పుండుతో మొదటి రాత్రికి వెళ్లడం కన్నా ముత్యాల వరసతో వెళ్లడం వంద రెట్లు మేలు.

ఎండాకాలం కన్నా చల్లటి నెలలు నయం, చెమటకి పుండు మానడం ఆలస్యమవుతుంది. రెండు మూడు రోజులు సెలవు దొరికే వారాంతం చూసుకోండి.

చేసే రోజు

ఇంట్లో స్నానం చేసి, వదులైన కాటన్ లోదుస్తులతో వెళ్లండి. లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు కలిసిన క్రీమ్ రాసి కాసేపు ఉంచుతారు. చాలకపోతే సన్నని సూదితో ఇంజెక్షన్ ఇస్తారు. అది చురుక్కుమంటుంది, తర్వాత ఏమీ తెలియదు. క్రీమ్ మీరే ఇంట్లో ఎక్కువసేపు రాసుకుని రావొద్దు, ఈ చర్మం పల్చన కాబట్టి మందు త్వరగా ఒంట్లోకి వెళ్తుంది. లేజర్ అయితే కళ్లకి అద్దాలు పెడతారు. కాలిన వాసన వస్తుంది, కంగారు పడకండి. తిరిగి వచ్చేటప్పుడు బైక్ నడపకుండా ఆటో మాట్లాడుకోండి.

ఇంటికొచ్చాక

మొదటి రెండు మూడు రోజులు ఎరుపు, వాపు ఉంటాయి. తర్వాత గోధుమ రంగు చెక్కు కడుతుంది, వారం పది రోజుల్లో దానంతట అది రాలుతుంది. గిల్లొద్దు. గిల్లితే మచ్చ పడుతుంది.

రోజుకి రెండుసార్లు మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ గానీ వాజలీన్ గానీ పల్చగా రాయండి. డెట్టాల్ లాంటివి, పసుపు, కొబ్బరినూనె వద్దు. ఇంట్లో ఉన్నప్పుడు లుంగీ హాయి. జీన్స్, జిమ్, ఈత, బైక్ మీద దూర ప్రయాణాలు రెండు వారాలు పక్కన పెట్టండి. హస్తప్రయోగం కూడా డాక్టర్ సరే అనేదాకా వద్దు. తెల్లవారుజామున అంగం గట్టిపడినప్పుడు చర్మం లాగి నొప్పి పుడుతుంది. లేచి మూత్రానికి వెళ్లి కాసేపు నడిస్తే తగ్గుతుంది.

సున్తీ కానివాళ్లు ఒక్క విషయం మరిచిపోవద్దు. కడగడానికి ముందు చర్మాన్ని వెనక్కి లాగితే, కడిగాక తప్పకుండా ముందుకి తెచ్చేయాలి. వాపులో అది వెనకే ఇరుక్కుపోతే రక్తం ఆగి అంగం తల ఉబ్బుతుంది. చేత్తో రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లాలి. అలాగే చీము, జ్వరం, పాకుతున్న ఎరుపు, పది నిమిషాలు అదిమి పట్టినా ఆగని రక్తం, మూత్రం రాకపోవడం, చర్మం నల్లబడటం: వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే వెళ్లండి. సిగ్గుపడి ఆగితే నష్టం మీకే.

ఇంట్లో చేయకూడనివి

పులిపిరి మీద సున్నం పెట్టడం, జీడిగింజ రసం రాయడం, వెంట్రుకతో కట్టి బిగించడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. చేతి మీద చేస్తేనే పుండు పడుతుంది, ఇక్కడ చేస్తే చర్మమే ఊడుతుంది. టూత్‌పేస్ట్, వెల్లుల్లి, వెనిగర్ కూడా అంతే. కాళ్ల ఆనెలకి వాడే సాలిసిలిక్ యాసిడ్, పులిపిర్ల కోసం అమ్మే పొడోఫిలిన్ ఈ బొడిపెల మీద పనిచేయవు, చుట్టుపక్కల మాత్రం కాల్చేస్తాయి. ఆన్‌లైన్‌లో దొరికే, చర్మాన్ని కాల్చే ప్లాస్మా పెన్నులు కొనకండి. ఫోర్డైస్ చుక్కలను మొటిమల్లా నొక్కితే తెల్లటి పదార్థం వస్తుంది, మర్నాటికి వాచి నొప్పి పుడుతుంది, గ్రంథి మాత్రం అక్కడే ఉంటుంది.

షాపులో ఇచ్చే నాలుగు మందులు కలిసిన ట్యూబుల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. నా చర్మం పల్చబడింది దానివల్లే. మీ ఇంట్లో అలాంటి ట్యూబ్ ఉంటే ఓపీకి వెళ్లేటప్పుడు జేబులో వేసుకెళ్లండి, ఏం రాశారో డాక్టర్‌కి చూపించడానికి.